కాలికే మత్తు.. మనిషికి మెలకువ

చీలమండ ఆపరేషన్ అనగానే ఒళ్ళంతా మత్తులో ముంచాల్సిన పని లేదు. నడుములో ఒక సన్నని సూదితోనో, మోకాలి వెనక నరం పక్కన కాస్త మందు పెట్టో కాలిని మాత్రం నిద్రపుచ్చవచ్చు. ఏ దారి ఎవరికి మంచిది? ఆ మాట ఆపరేషన్ బల్ల మీద కాదు, ముందురోజే తేలాలి.

ఆకుపచ్చ గుడ్డకు అవతల నా కాలు. ఇవతల నేను.

డ్రిల్లు తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. అది ఎముకలోకి దిగినప్పుడల్లా సన్నటి అదురు ఒకటి తుంటి పైదాకా వచ్చి ఆగిపోతోంది. నొప్పి మాత్రం లేదు. మోకాళ్ళు రెండూ ఇంకా పొట్టలోకి ముడుచుకొనే ఉన్నట్టు అనిపిస్తోంది. నిజానికి కాళ్ళు బల్ల మీద బారజాపి ఉన్నాయి. ఆ మాటే తల దగ్గర కూర్చున్న మత్తు డాక్టరమ్మతో చెప్పాను.

“సూది వేసేటప్పుడు పక్కకు తిరిగి ముడుచుకొని పడుకున్నారు కదా. కాలి నుంచి మెదడుకు చేరిన ఆఖరి కబురు అదే. ఆ తర్వాత కబుర్లు ఆగిపోయాయి. కొత్తది వచ్చేదాకా మెదడు పాతదాన్నే పట్టుకొని ఉంటుంది” అన్నారావిడ.

నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకు అర్థమయ్యే మాటల్లో ఒకరు చెబుతున్నారు. ఆ తర్వాత డ్రిల్లు ఎంతసేపు తిరిగినా భయం వేయలేదు.

గట్టు మీద ఒక్క అడుగు

విడవలూరు మండలంలో మా మేనమామకు రొయ్యల గుంటలున్నాయి. వాన వెలిసిన తెల్లవారుజామున రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు చూద్దామని ఆయన వెనక గట్టు మీద నడుస్తున్నాను. నాచు పట్టిన చోట కాలు జారింది. పాదం లోపలికి మడతపడి, ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. నెల్లూరులో ఎక్స్‌రే తీస్తే చీలమండకు అటూ ఇటూ ఉండే ఎముక గుబ్బలు రెండూ విరిగాయన్నారు. కీలు కూడా పక్కకు జరిగింది.

మైపాడు, కోడూరు, రామతీర్థం, ఇసకపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె.. ఈ తీరం పొడుగునా బతుకుదెరువు కాళ్ళ మీదే నడుస్తుంది. తడిసిన ఫైబర్ బోటు అంచు మీద నిలబడి వల లాగాలి. అల విరిగేచోట నీళ్ళలోకి దూకి బోటును ఒడ్డుకు నెట్టాలి. చీకట్లో గుంటల గట్ల మీద ఏరేటర్ల మధ్య తిరగాలి. ఇక్కడి మనిషికి చీలమండ విరిగితే కూలి విరిగినట్టే. అందుకే ఆపరేషన్ అన్న మాట వినగానే మంచం చుట్టూ ఉన్నవాళ్ళ నోట మొదట వచ్చేది ఇదే: “పుత్తూరు పోదాం పదండి.”

మా మామ కూడా అదే అన్నాడు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలతో వేసే పుత్తూరు కట్టు మీద మా జిల్లా జనానికి తరతరాల నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ కీలు స్థానం తప్పిన చీలమండను మిల్లీమీటరు తేడా లేకుండా దాని గూటిలో కూర్చోబెట్టాలి. లేకపోతే కొన్నేళ్ళకు ఆ కీలు అరిగి, అడుగడుగునా నొప్పెడుతుంది. చాలామంది కట్టు కోసం వెళ్ళేది కట్టు మీది నమ్మకంతోనే కాదు, కత్తి మీది భయంతో కూడా. కత్తి కన్నా పెద్ద భయం మత్తుది.

మా అమ్మ భయం రెండు ముక్కల్లో ఉంది. “మత్తిస్తే మళ్ళీ లేస్తావా నాయనా?” అన్నది మొదటిది. మొత్తం మత్తు లేకుండా నడుములో సూది వేస్తారని తెలిశాక రెండోది: “నడుములో సూదంటే జన్మంతా నడుము పోతుందిరా.” ఈ తీరంలో ప్రతి ఇంట్లో వినిపించే మాటలివి. వీటికి నింపాదిగా జవాబు చెప్పే మనిషి రోగికి దొరకాలి.

ఆ సాయంత్రం గీసిన ఐదు గీతలు

మా నాన్న హెర్నియా ఆపరేషన్ నాకు ఇప్పటికీ గుర్తే. మత్తు ఇచ్చేది ఎవరో ముందు మాకు తెలియదు. ఆయన గుండె కోసం రోజూ రక్తాన్ని పలచబరిచే మాత్ర వేసుకొనేవారు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, చెప్పాలని మాకూ తెలియదు. బల్ల మీదికి ఎక్కించాక బయటపడింది. ఆ మాత్ర ఒంట్లో ఉండగా నడుములో సూది వేస్తే వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలను నొక్కే ప్రమాదముంది. ఆపరేషన్ వాయిదా పడింది. ముందురోజు రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే ఆయనకు ఆ బెంగ తప్పేది.

నా విషయంలో అలా జరగలేదు. ఆపరేషన్ ముందు సాయంత్రం మత్తు డాక్టరమ్మ వచ్చి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కొని కూర్చున్నారు. ఏ మాత్రలు వాడుతున్నానో, ఏ మందు పడదో, గురక పెడతానో లేదో, కదిలే పళ్ళున్నాయో లేదో అడిగారు. మా అమ్మ భయాలు విన్నారు. తర్వాత కాగితం తీసుకొని పాదం బొమ్మ వేసి, దానిలోకి ఐదు గీతలు గీశారు.

“చీలమండ నొప్పిని మోసుకుపోయే నరాలు ఐదు. వీటిలో నాలుగు తుంటి నుంచి తొడ వెనకగా దిగే సయాటిక్ నరం కొమ్మలు. లోపలి గుబ్బ పక్కగా పోయే ఐదోది, సఫీనస్, తొడ ముందువైపు నరం నుంచి వస్తుంది. వీటిని ఎక్కడో ఒకచోట ఆపితే చాలు. మీ ఒళ్ళంతా నిద్రపోవాల్సిన పని లేదు” అన్నారు. మెలకువగా ఉంచి చేసే పద్ధతులన్నీ ఈ ఐదు గీతలను ఏ మలుపులో ఆపాలన్న ప్రశ్నకు జవాబులే.

మొదటి సూది కూడా చీలమండ కోసమే

ఈ కథకు మూలం మరో సముద్రపు ఒడ్డున ఉంది. జర్మనీలోని కీల్, బాల్టిక్ తీరంలో రేవు పట్నం. 1898 ఆగస్టు 16న అక్కడి ఆసుపత్రిలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ ఎదుట 34 ఏళ్ళ కూలి ఒకరున్నారు. క్షయ సోకి ఎడమ చీలమండ పాడైంది. అంతకుముందు చాలా ఆపరేషన్లు జరిగాయి, మత్తు ఇచ్చిన ప్రతిసారీ తర్వాత నానా యాతన పడ్డారు. మళ్ళీ ఆ మత్తు వద్దన్నారు.

బియర్ ఆయన వెన్నులోని నీటిలోకి 15 మిల్లీగ్రాముల కొకైన్ ఎక్కించారు. కంటి ఆపరేషన్‌కు కొకైన్ చుక్కలు పనికొస్తాయని 1884లో కార్ల్ కోలర్ చూపించారు. వెన్నులోకి సూది ఎలా దించాలో అదే కీల్‌లో 1891లో హైన్రిక్ క్వింకె చెప్పారు. ఆ రెండింటినీ బియర్ కలిపారు. దాదాపు ఇరవై నిమిషాల తర్వాత కత్తి పెడితే ఆ కూలికి నొప్పి తెలియలేదు. శస్త్రచికిత్స కోసం వెన్నులో మత్తు ఇచ్చిన తొలి సందర్భంగా వైద్య చరిత్ర దీన్నే చెప్పుకుంటుంది. మత్తు వద్దన్న ఒక కష్టజీవి మాటను ఒక డాక్టరు చెవినబెట్టారు. అక్కడే ఈ పద్ధతి పుట్టింది.

ఆ రోగికి తర్వాత తలనొప్పి, వాంతులు వచ్చాయి. అవెందుకో తెలుసుకోవాలని బియర్ తన వెన్నునే పరీక్షకు పెట్టారు. ఆగస్టు 24న సహాయకుడు హిల్డెబ్రాంట్ ఆయనకు సూది వేయబోతే, సిరంజి సూదికి అతకక వెన్నులోని నీరు చాలా కారిపోయింది. అప్పుడు బియరే హిల్డెబ్రాంట్‌కు మందు ఎక్కించి, ముంగాలి మీద ఇనుప సుత్తితో కొట్టి చూశారు. నొప్పి లేదు. తర్వాత బియర్‌కు పట్టుకున్న తలనొప్పి తొమ్మిది రోజులు మంచం దిగనివ్వలేదు. నీరు కారడమే దానికి కారణం. నడుముకు సూది అంటే తలనొప్పి వస్తుందన్న ఇవాళ్టి భయానికి మూలం ఆ రంధ్రమే. నూట పాతికేళ్ళుగా మత్తు వైద్యులు సూదిని సన్నబరుస్తూ రావడం కూడా అందుకే.

మొత్తం మత్తుకు ముఖ్యమైన పరీక్ష మన గడ్డ మీదే జరిగింది. అంతకుముందు 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్‌ను జనం ముందు ప్రయోగించారు. మరుసటి ఏడాదే క్లోరోఫామ్ వచ్చింది. ఆ క్లోరోఫామ్‌తో కొందరు బల్ల మీదే ఎందుకు చనిపోతున్నారో తేల్చేందుకు హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన, నిజాం ఖర్చుతో 1888, 1889లలో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే చాలు, గుండెకు భయం లేదని అవి తేల్చాయి. ఆ మాట తప్పని, క్లోరోఫామ్ గుండెనే ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించారు. ఆ రోజుల్లోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి మత్తు వైద్యాన్ని వృత్తిగా చేపట్టిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెప్పుకుంటారు. “మళ్ళీ లేస్తావా” అన్న మా అమ్మ ప్రశ్న ఆ కాలంలో పుట్టింది. ఇప్పటి మందులు వేరు. వేలికి తొడిగే క్లిప్పు ఆక్సిజన్‌ను చూపిస్తుంది, తెర మీద గుండె గీత నడుస్తుంది, తల దగ్గర మనిషి కదలకుండా ఉంటారు.

నడుములో సూది

మన జిల్లా ఆసుపత్రుల్లో చీలమండ ఆపరేషన్‌కు ఎక్కువగా వాడేది స్పైనల్. మన నోట అది ‘నడుములో సూది’. రెండు తుంటి ఎముకల అంచులను కలుపుతూ వీపు మీద గీత గీస్తే అది నాలుగో నడుము పూస దగ్గర దాటుతుంది. సూది వేసేది ఆ చుట్టుపక్కలే. పెద్దవాళ్ళలో వెన్నుపాము అంతకు పైనే, ఒకటి రెండు పూసల దగ్గరే ముగిసిపోతుంది. కింద ఉండేది నీటిలో తేలే నరాల పోగులు. సూది తగిలితే అవి పక్కకు జరుగుతాయి. వెన్నుపాములో గుచ్చుతారన్న భయానికి జవాబు ఇదే.

నాకు వీపంతా చల్లటి మందుతో తుడిచారు. ముందు చీమ కుట్టినంత చురుకు, తర్వాత ఎవరో వేలితో నొక్కినంత ఒత్తిడి. రెండు మూడు మిల్లీలీటర్ల బుపివాకైన్. అందులో కాస్త చక్కెర కలిపి బరువెక్కిస్తారు, కావలసిన వైపుకు మందు దిగేలా. నిమిషంలో అరికాళ్ళు వెచ్చబడ్డాయి. ఐదు నిమిషాల్లో కాళ్ళు నావి కావన్నట్టు మొద్దుబారాయి. డాక్టరమ్మ స్పిరిట్ దూదిని పొట్ట మీద, తొడ మీద, పాదం మీద అద్ది, “చల్లగా ఉందా?” అని అడుగుతూ పోయారు. చల్లదనం తెలియని చోటుకు నొప్పీ తెలియదు. ఆ మత్తు రెండు నుంచి నాలుగు గంటలుంటుంది.

లోపాలూ ఉన్నాయి. రక్తపోటు పడిపోవచ్చు, దానికి మందు సిద్ధంగా ఉంచుకుంటారు. కొన్ని గంటలు మూత్రం బిగబట్టవచ్చు. ఇప్పటి పెన్సిల్ మొన సన్నసూదులతో వందలో ఒకరిద్దరికి తలనొప్పి వస్తుంది. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గేది ఆ తలనొప్పి. అది వస్తే దాచుకోకుండా చెప్పాలి, వైద్యం ఉంది. సూది పడినచోట కొద్దిరోజులు సలుపు ఉండవచ్చు కానీ, ఈ సూది వల్ల జీవితాంతం నడుం నొప్పి వస్తుందన్నదానికి ఆధారం లేదు. మన దగ్గర నడుం నొప్పులకు బరువులు, నాట్లు, వలలు, బండి ప్రయాణాలు చాలినన్ని కారణాలున్నాయి. నేరం సూది మీద పడుతోంది, అంతే.

ఒక్క కాలికే తిమ్మిరి

రెండో దారి నరాల బ్లాక్. అల్ట్రాసౌండ్ తెర మీద మోకాలి వెనక గుంటలో సయాటిక్ నరం తేనెపట్టు ముక్కలా కనిపిస్తుంది. దాని చుట్టూ మందు నింపితే ఐదు గీతల్లో నాలుగు ఆగిపోతాయి. తొడ లోపలివైపు ఇంకో సూదితో ఐదోదాన్నీ ఆపుతారు. మందు పూర్తిగా పట్టడానికి పదిహేను నిమిషాల నుంచి అరగంట. రెండో కాలు మామూలుగానే ఉంటుంది, రక్తపోటు అంతగా పడదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకు ఇది పెద్ద ఊరట. పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా నొప్పి తెలియదు.

దీనికో మెలిక ఉంది. రక్తం రాకుండా తొడకు గాలిపట్టీ బిగిస్తే, బ్లాక్ దిగని తొడ భాగం కాసేపటికి పోట్లు పెడుతుంది. అందుకే పట్టీని పిక్కకు కడతారు, లేదా బ్లాక్‌తో పాటు స్పైనల్ గానీ, తేలికపాటి నిద్రమందు గానీ కలుపుతారు. చీలమండ చుట్టూ వేసే ‘యాంకిల్ బ్లాక్’ పాదం, వేళ్ళ ఆపరేషన్లకు బాగుంటుంది. చీలమండ ఎముకకే ప్లేటు వేయాలంటే అది చాలదు. ఇక ఏ బ్లాక్‌కైనా మందు పొరపాటున రక్తంలోకి ఎక్కువగా పోతే నాలుక తిమ్మిరెక్కుతుంది, చెవుల్లో హోరు వినిపిస్తుంది. అలా అనిపిస్తే వెంటనే నోరు విప్పాలి. దానికి విరుగుడుగా వాడే కొవ్వు ద్రావణం ఆపరేషన్ గదిలో అందుబాటులో ఉంచుకుంటారు.

మెలకువ అంటే ఎంత మెలకువ?

2017లో గుంటూరులో మెదడు ఆపరేషన్ జరుగుతుంటే బాహుబలి-2 చూసిన రోగి కథ, 2020లో అదే ఊళ్ళో బిగ్‌బాస్, అవతార్ చూసిన మరో రోగి కథ మనమంతా పత్రికల్లో చదివాం. అక్కడ మెలకువ తప్పనిసరి. మాట, కదలిక దెబ్బతినకుండా చూసుకోవాలంటే రోగి పలుకుతూ ఉండాలి. చీలమండకు అలాంటి నిర్బంధం లేదు. ఇక్కడ మెలకువ మన ఇష్టం.

వినాలని ఉంటే వినవచ్చు. వద్దనుకుంటే చెవులకు పాటలు పెట్టుకోవచ్చు. అదీ చాలదంటే మిడజొలామ్ లాంటి మందుతో కునుకు పట్టిస్తారు. పిలిస్తే పలుకుతాం, తర్వాత సగం గుర్తుండదు. మధ్యలో కూడా “ఇక నిద్రపుచ్చండి” అని అడగొచ్చు. మొండిగా మేలుకొని ఉండటం గొప్ప కాదు, భయపడి నిద్ర కోరుకోవడం తప్పూ కాదు.

మొత్తం మత్తే మేలైనవాళ్ళూ ఉన్నారు. రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్ళు, సూది వేసే చోట చీము పట్టినవాళ్ళు, గుండె కవాటం బాగా ఇరుకైనవాళ్ళు, కదలకుండా పడుకోలేనివాళ్ళు, మెలకువగా ఉండటానికి ఎంతమాత్రం ఒప్పుకోనివాళ్ళు. చక్కెర జబ్బుతో పాదాలు ముందే మొద్దుబారి ఉంటే, ఆ సంగతి బ్లాక్‌కు ముందే రాసిపెట్టుకోవాలి. మెలకువగానే చేస్తారు కదా అని పొద్దున్నే ఇడ్లీ తినకూడదు. దారి మారి మొత్తం మత్తు ఇవ్వాల్సి రావచ్చు. తేలికపాటి తిండికి ఆరు గంటల ఎడం, చేపల పులుసు అన్నం లాంటి బరువైన భోజనానికి ఎనిమిది గంటలు, మంచినీళ్ళకు రెండు గంటలు. ఆసుపత్రివాళ్ళు ఇంకేదైనా చెబితే వాళ్ళ మాటే మాట.

తిమ్మిరి వదిలే రాత్రి

ఈ పద్ధతుల్లో జనానికి ఎవరూ చెప్పని ముక్క ఇదే. మత్తు వదిలే ఘడియలో నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. బ్లాక్ వేసిన రాత్రి కాలు హాయిగా ఉందని మాత్రలు మానేసి పడుకొని, మూడు గంటలకు కేకలు పెడుతూ లేచినవాళ్ళు ఎందరో. తిమ్మిరి ఉండగానే, డాక్టరు రాసిన వేళకే మాత్ర వేసుకోవాలి. తిమ్మిరి పూర్తిగా వదిలేదాకా ఆ కాలి మీద నిలబడకూడదు, వేడినీళ్ళ కాపడం పెట్టకూడదు, కాలినా తెలియదు. మాత్రలకు లొంగకుండా నొప్పి పెరుగుతూ, పిక్క రాయిలా బిగుసుకుంటే, వేళ్ళు పాలిపోతే తెల్లవారేదాకా ఆగవద్దు. కట్టు కింద వాపు రక్తాన్ని ఆపుతోందేమో అప్పటికప్పుడు చూడాలి.

మత్తు డాక్టరును అడగండి

• నాకు మత్తు ఇచ్చేది ఎవరు? ఆపరేషన్ ముందురోజు ఒకసారి మాట్లాడవచ్చా?

• నా ఒంటికి స్పైనలా, బ్లాకా, మొత్తం మత్తా? ఎందుకు?

• నేను వాడే మాత్రల్లో వేటిని, ఎన్ని రోజుల ముందు ఆపాలి? మాత్రల చీటీ కాదు, అట్టలే తీసుకెళ్ళండి.

• బ్లాక్ వేస్తే గాలిపట్టీ ఎక్కడ కడతారు?

• నాకు మెలకువ వద్దనిపిస్తే మధ్యలో నిద్రపుచ్చుతారా?

• తిమ్మిరి ఎన్ని గంటలకు వదులుతుంది? మొదటి నొప్పి మాత్ర ఎప్పుడు?

• రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

మాట్లాడటమూ వైద్యమే

విడవలూరు మండలంలోదే అలగానిపాడు, కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన ఊరు. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపి, పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళకు వైద్యంలో శిక్షణ ఇచ్చి తిరిగి పల్లెలకే పంపారు. వైద్యం గురించిన తెలివి డాక్టరు గదిలోనే ఉండిపోకూడదన్న నమ్మకం ఈ జిల్లాకు కొత్త కాదు. మత్తు వైద్యం దగ్గర మాత్రం ఆ తెలివి ఇంకా తలుపు దాటి రాలేదు. ఆపరేషన్ చేసే సర్జన్ పేరు ఊరంతటికీ తెలుసు. ఆ రెండు గంటలూ మన ఊపిరిని, గుండెను కాచుకొని కూర్చునే మనిషి పేరు మనకే తెలియదు. రద్దీలో, డాక్టర్ల కొరతలో ఆ పది నిమిషాలు దొరకడం కష్టమే. అయినా అడగాలి. అడిగేవాళ్ళు పెరిగితేనే ఆసుపత్రులు ఆ పది నిమిషాలను లెక్కలోకి తీసుకుంటాయి.

నా చీలమండలో ఇప్పుడు ఒక ప్లేటు, కొన్ని స్క్రూలు ఉన్నాయి. కర్ర వదిలేశాను. పోయిన నెల మామ ఊరి పక్క పాళెంలో ఒకాయన బోటు దిగుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనంటే బెదిరి, పుత్తూరుకు కారు మాట్లాడుకున్నాడని తెలిసి వెళ్ళాను. నా ఎక్స్‌రే కవరులో దాచుకున్న కాగితం తీసి, ఆ ఐదు గీతలు ఆయన ముందు పరిచి, ఆ సాయంత్రం డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు కాగితాన్నే చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగి, “నేను వేసుకొనే బీపీ బిళ్ళల అట్ట యాడ పెట్టావు?” అని అడిగాడు. ఆమె లోపలికి వెళ్ళి అట్ట తెచ్చి, ఆయన ఎక్స్‌రే కవరులో పెట్టింది.